తెర మీది కారుకు అసలు రంగేది?

బొమ్మ కార్లు చేసేవారికి కొలత కన్నా రంగే పరీక్ష

ఏలూరు: చీరకు మ్యాచింగు జాకెట్టు ముక్క కొనడానికి వెళ్లిన ఆడవారు ఒక పని తప్పకుండా చేస్తారు. కొట్టులో ట్యూబులైట్ల కింద ముక్క ఎంత బాగా కలిసినా నమ్మరు. చీర కొంగు, జాకెట్టు ముక్క రెండూ చేత పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తారు. లోపల అచ్చంగా కలిసిన ముక్క బయట తేలిపోతే వెనక్కి ఇచ్చేస్తారు. కొట్టు గుమాస్తా విసుక్కున్నా న్యాయం వారిదే. రెండు రంగులు ఒక దీపం కింద ఒకటిగాను, మరో దీపం కింద వేరువేరుగాను కనిపించడం నిజమేనని రంగుల శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది.

సరిగ్గా ఇదే చిక్కుతో తల పట్టుకునేవారు మరో రకం మనుషులున్నారు. వారు సినిమాల్లో కనిపించిన కార్లకు చిన్న బొమ్మలు చేసేవారు. చక్రం ఎంత, తలుపు ఎంత, అద్దం ఎంత అన్నది టేపు పెడితే తేలిపోతుంది. కాని ఆ కారు అసలు రంగేమిటన్నది ఏ టేపుకీ అందదు. తెర మీద చూసింది ఒకటి, గుర్తున్నది ఒకటి, డబ్బాలో ఉన్నది మరొకటి!

తాటికాయ బండి నుంచి కొలతల కారు దాకా

మన పల్లెల్లో బొమ్మ బండి చేయని కుర్రవాడు లేడు. తాటికాయలు రెండు కర్రకు గుచ్చితే బండి. అగ్గిపెట్టెలు అంటించి, సోడా మూతలు చక్రాలుగా పెడితే కారు. ఆ బండికి రంగు అక్కర్లేదు, నోటితో చేసే చప్పుడు చాలు.

కొలతల బొమ్మ సంగతి వేరు. అసలు కారులో ప్రతి భాగాన్నీ ఒకే లెక్కన తగ్గించి చేయాలి. ఇరవై నాలుగో వంతు కొలత చాలామంది వాడే లెక్క. అంబాసిడర్ కారు పొడవు సుమారు 14 అడుగులు. అంటే 168 అంగుళాలు. దాన్ని 24తో భాగిస్తే బొమ్మ 7 అంగుళాలు వస్తుంది. జానెడు కారన్నమాట. పద్దెనిమిదో వంతు, నలభై మూడో వంతు బొమ్మలు కూడా ప్రపంచమంతా చేస్తారు. కొందరు ప్లాస్టిక్ ముక్కల పెట్టె కొని అతికిస్తారు. కొందరు రేకు, కర్ర, బెండు చెక్కి సొంతంగా చేస్తారు.

ఎలా చేసినా చివరకు రంగు దగ్గర ఆగాలి. చూసేవారి కన్ను మొదట పడేది రంగు మీదే. చక్రం ఒక నూలు తేడా వస్తే ఎవరూ గమనించరు. రంగు ఒక చాయ తప్పితే "ఇది ఆ కారు కాదే!" అని పసిపిల్లవాడు కూడా అనేస్తాడు.

'పచ్చ' అంటే ఏ పచ్చ?

మాటతోనే మొదటి చిక్కు. తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చా కావచ్చు, పసుపుపచ్చా కావచ్చు. ఫలానా సినిమాలో హీరో పచ్చ కారు నడిపాడంటే వినేవారు ఏమనుకోవాలి? పోనీ ఆకుపచ్చే అనుకుందాం. నారుమడిలో పచ్చ ఒకటి. దుబ్బు కట్టిన చేను పచ్చ మరొకటి. పొట్ట మీదున్న పైరు పచ్చ ఇంకొకటి. వరి పండించే రైతుకు ఇవి మూడు వేర్వేరు రంగులు. పట్నవాసికి మూడూ పచ్చే.

తెలుపు సంగతీ అంతే. సున్నం తెలుపు వేరు, కొబ్బరి తెలుపు వేరు, మల్లె తెలుపు వేరు. కొల్లేటి ఒడ్డున కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు దూరం నుంచి తెల్లగా కనిపిస్తాయి. దగ్గరకు వస్తే బూడిద కలిసిన తెలుపని తెలుస్తుంది. పొద్దున ఒక రకం, మబ్బు పడితే ఒక రకం.

అందుకే చీరలకు మనవాళ్లు రంగు పేరు గాలికి వదలరు. ఉల్లిపొర రంగు, వంకాయ రంగు, నెమలికంఠం, మిరపపండు అని వస్తువు చూపించి చెబుతారు. ఉల్లి వ్యాపారానికి పేరుపడ్డ తాడేపల్లిగూడెంలో ఉల్లిపొర రంగంటే ఎవరికీ అనుమానం రాదు. కార్ల కంపెనీలు కూడా ఈ దారే పట్టాయి. ప్రతి రంగుకూ ఒక పేరు, ఒక నంబరు పెట్టుకున్నాయి. బొమ్మ చేసేవారు ముందుగా వెతకవలసింది ఆ పేరూ, నంబరే.

తెర చెప్పేదంతా నిజం కాదు

సినిమా చూసి రంగు కలిపేస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. తెరకు రంగులు మార్చే విద్య చాలా తెలుసు.

నలుపు తెలుపుల కాలాన్ని తీసుకుంటే, ఆ ఫిల్ము రంగును పట్టుకోదు. ఎంత వెలుతురు వచ్చి పడిందన్నదే పట్టుకుంటుంది. ఎర్ర కారు, ఆకుపచ్చ కారు పక్కపక్కన నిలబెట్టి తీస్తే రెండూ ఒకే బూడిద రంగులో రావచ్చు. ఎన్టీ రామారావు నటించిన 'టాక్సీ రాముడు' 1961లో వచ్చిన నలుపు తెలుపుల చిత్రం. అందులోని బండి బొమ్మ చేయాలంటే తెర వంక ఎంత చూసినా రంగు తేలదు. ఆ కాలంలో, ఆ ఊళ్లో టాక్సీలకు ఏ రంగు వేసేవారో బయట విచారించాలి. ముంబయి టాక్సీకి కింద నలుపు, పైన పసుపు. కలకత్తా అంబాసిడర్ టాక్సీకి ఒళ్లంతా పసుపు. సినిమా చెప్పని సంగతిని ఊరు చెబుతుంది.

రంగుల సినిమా వచ్చాకైనా బాధ తప్పలేదు. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రంగా 'లవకుశ' 1963లో వచ్చింది. ఆ తరవాత చాలా ఏళ్లపాటు వాడిన రంగుల ప్రింట్లకు ఒక జబ్బుండేది. ఫిల్ములో మూడు రంగుల పొరలుంటాయి. ఎండకు, ఉక్కకు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో వెలిసిపోతాయి. ముందుగా నీలిపచ్చ పొర పోతుంది. మిగిలిన బొమ్మంతా గులాబీ ఎరుపు కమ్ముకుంటుంది. అలాంటి ప్రింటులో ఆకుపచ్చ కారు గోధుమ రంగులో కనిపిస్తుంది. అది చూసి రంగు కలిపితే బొమ్మ తప్పినట్టే.

ఇక హాలు సంగతి. టూరింగు టాకీసులో కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసినప్పుడు, కడ్డీల మధ్య ఎడం మారితే తెర మీద వెలుతురూ మారేది. తెల్లగా మొదలైన బొమ్మ పచ్చబడేది. డేరా కింద నేల టిక్కెట్టులో కూర్చుని చూసినవారి గుర్తులో ఉన్న రంగులో సగం ఆపరేటరు చేతి చలవ! ఇప్పుడు సెల్‌ఫోన్లో చూసేవారికీ అదే గతి. రెండు ఫోన్లు పక్కన పెడితే ఒకే కారు రెండు చాయల్లో కనిపిస్తుంది.

మాయాబజారుకు రంగులు వేసినప్పుడు

తెర మీద లేని రంగును తేల్చవలసి వస్తే ఎంత శ్రమో తెలుగువారికి ఒకసారి అనుభవమైంది. కేవీ రెడ్డి తీసిన 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు అందులో ఘటోత్కచుడు. తాడేపల్లిగూడెంలో స్థిరపడి సినిమా హాలు కట్టించిన రేలంగి వెంకట్రామయ్య లక్ష్మణ కుమారుడు. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ చిత్రానికి కంప్యూటర్‌తో రంగులు వేయించి, 2010 జనవరి 30న విడుదల చేసింది.

అక్కడ ప్రతి చీరకు, ప్రతి కిరీటానికి ఒక రంగు నిర్ణయించవలసి వచ్చింది. అయితే పురాణ కథకు ఒక అండ ఉంది. కృష్ణుడికి నీలం, ఆయన ధోవతికి పసుపు అని తరతరాల సంప్రదాయం చెబుతుంది. కొండపల్లి బొమ్మల పనివారు కూడా దశావతారాలకు ఆ సంప్రదాయం చూసే రంగులు దిద్దుతారు. అక్కడ భక్తులు ఒప్పుకున్నదే ప్రమాణం.

కారుకు ఆ వెసులుబాటు లేదు. అది ఒక ఫ్యాక్టరీలో, ఒక రోజున, ఒక డబ్బాలోని రంగు పూసుకుని బయటికి వచ్చిన వస్తువు. అందుకు జవాబు ఒకటే ఉంటుంది. దాన్ని ఊహించి చెప్పకూడదు, వెతికి పట్టుకోవాలి.

వెండి కారుకు బంగారు పూత

పెద్ద కంపెనీలే తెలిసి తెలిసి రంగు మార్చిన కథ ఒకటుంది. 1964లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'గోల్డ్‌ఫింగర్'లో హీరో నడిపిన ఆస్టన్ మార్టిన్ డీబీ5 కారు వెండి రంగుది. కంపెనీ దానికి పెట్టిన పేరు సిల్వర్ బర్చ్. తెల్లటి బెరడున్న ఒక చెట్టు పేరది. మరుసటి ఏడు, 1965లో, కోర్గీ అనే బొమ్మల కంపెనీ ఆ కారుకు బొమ్మ చేసి అమ్మింది. కాని దానికి బంగారు రంగు వేసింది. చిన్న బొమ్మకు వెండి రంగు వేస్తే, రంగే వేయని ఒట్టి రేకులా కనిపిస్తుందని వారి భయం. బొమ్మలు లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి. వెండి రంగు బొమ్మను ఆ కంపెనీ 1968లో గాని తీసుకురాలేదు.

ఈలోగా ఎందరో పిల్లల మనసులో బాండ్ కారంటే బంగారు కారే అయి కూర్చుంది. సినిమాలో లేని రంగు బొమ్మ వల్ల గుర్తులోకి ఎక్కింది. బొమ్మ రంగు తప్పితే ఏమవుతుందని తీసిపారేసేవారికి ఇదే జవాబు.

ఇంకో విశేషం. సినిమాకు వాడిన ఆ డీబీ5 కూడా మొదట వెండి రంగుది కాదు. కంపెనీ నమూనాగా చేసిన ఆ కారు ముదురు ఎరుపులో ఉండేది. సినిమా కోసమే వెండి రంగు వేశారు. 1997లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక విమానాల షెడ్డు నుంచి ఆ కారు దొంగల పాలయింది.

ఒకే కారు, మూడు రంగులు

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ వారు 1955లో లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారు చేయించారు. దానిది ముత్యంలా మెరిసే తెలుపు. 1959లో ఒక హాస్య చిత్రం కోసం దానికి ఎరుపు వేశారు. తరవాత అదే కారును జార్జ్ బారిస్ అనే కార్ల శిల్పి మార్చి, నల్ల రంగు వేసి, 1966 నాటి 'బ్యాట్‌మన్' టీవీ కథలకు బ్యాట్‌మొబైల్‌గా తయారుచేశాడు. 2013 జనవరిలో అది వేలంలో రుసుములతో కలిపి 46 లక్షల 20 వేల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన సుమారు రూ.25 కోట్లు.

దీనికి బొమ్మ చేసేవారు ఏ రంగు వేయాలి? మూడూ నిజమే. ఏ ఏడు కారు చేస్తున్నారన్నది ముందు తేల్చుకోవాలి. ఏడు చెప్పకుండా రంగు చెప్పడం, తిథి చెప్పకుండా ముహూర్తం పెట్టడం లాంటిది.

ముత్యపు మెరుపు మాట వచ్చింది కనుక కొల్లేటి వారికి ఒక సంగతి. కైకలూరు వైపు చేపల మార్కెట్లలో బొచ్చె, శీలావతి పొలుసు వెండిలా తళతళలాడుతుంది. చేప పొలుసులోని ఆ మెరిసే పదార్థాన్ని తీసి పాశ్చాత్య దేశాల్లో దొంగ ముత్యాలకు, మెరిసే పూతలకు వాడేవారు. ఇప్పుడు ఆ పని ఎక్కువగా అభ్రకం చేస్తోంది. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో తవ్విన అభ్రకం లాంటిదే. దాని సన్నటి రేకులకు పూత పూసి రంగులో కలుపుతారు. వెలుతురు పడిన వైపునుబట్టి ఆ రంగు మారుతూ ఉంటుంది. అందుకే ముత్యపు రంగు కలపడం పనివారికి కత్తి మీద సాము.

దుమ్ము పట్టిన పచ్చకు కోట్లు

1968లో వచ్చిన 'బుల్లిట్' చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ కారు ముదురు ఆకుపచ్చది. ఫోర్డ్ కంపెనీ పెట్టిన పేరు హైలాండ్ గ్రీన్. సినిమాకు ఇలాంటివి రెండు కార్లు వాడారు. ఒకటి ముఖ్యమైన దృశ్యాలకు, మరొకటి దూకుళ్లకు.

దూకిన కారు ఏళ్ల తరబడి కనిపించకుండా పోయింది. చివరకు మెక్సికోలో పాత ఇనుము పోగుల మధ్య దొరికింది. చట్రం మీది నంబరు చూసి అదేనని 2017లో ధ్రువపరచారు. రెండో కారును 1974లో ఒక కుటుంబం 6 వేల డాలర్లకు కొని మామూలుగా తిరగడానికి వాడుకుంది. 2020 జనవరిలో దాన్ని వేలం వేస్తే రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు వచ్చింది. మన లెక్కన రూ.26 కోట్లు పైమాటే.

ఆ కుటుంబం కారుకు కొత్త రంగు వేయించలేదు. సొట్టలు, తుప్పు, వెలిసిన పచ్చ అలాగే ఉంచింది. ధర అంత పలకడానికి అది కూడా ఒక కారణం. పైపై మెరుగుల కోసం పాత రంగు గీకించి ఉంటే సాక్ష్యం పోయేది. బొమ్మ చేసేవారికి మాత్రం కొత్త ప్రశ్న పుట్టింది. 1968లో కొత్తగా ఉన్న పచ్చ వేయాలా, ఇప్పుడున్న వెలిసిన పచ్చా? సినిమా కారంటే సినిమా నాటిదే వేయాలి. నేటి కారంటే నేటిదే వేయాలి. రెండూ కలిపితే మాత్రం ఏదీ కాకుండా పోతుంది.

తెలుపులోనూ తిరకాసు

డిస్నీ వారి 'ది లవ్ బగ్' చిత్రంలో 53 నంబరు వేసుకుని తనంత తానే పరుగెత్తిన హెర్బీ అనే ఫోక్స్‌వ్యాగన్ కారు 1963 నాటి మోడలు. దాన్ని ఒట్టి తెలుపనుకుంటే పొరపాటు. కంపెనీ చిట్టాలో దాని పేరు పెర్ల్ వైట్, నంబరు ఎల్87. కాస్త పాలమీగడ చాయ ఉంటుంది. కారు లోపలి భాగానికైతే సినిమావారు మెరుపు లేని బూడిద రంగు వేశారు. స్టూడియో దీపాల వెలుగు తిరిగి కెమెరాలో పడకుండా ఉండడానికి చేసిన పని అది. అంటే ఫ్యాక్టరీ నంబరు ఒక్కటే తెలిసినా చాలదు, కెమెరా కోసం సినిమావారు ఏం మార్చారో కూడా తెలియాలి.

రంగే లేని కారు మరో రకం పరీక్ష. 1985లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' చిత్రంలో కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే డెలోరియన్ కారు ఒళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు. మన ఇళ్లలో స్టీలు బిందె ఎలా ఉంటుందో అలాగే, పూత లేదు. దానికి బొమ్మ చేసి వెండి రంగు కొడితే స్టీలులా ఉండదు, రంగు కొట్టిన ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. పనివారు పల్చటి లోహపు రేకు అంటిస్తారు. లేదా ఆరాక గుడ్డతో రుద్దితే లోహంలా మెరిసే ప్రత్యేక పూత వేసి, ఒకే దిశలో సన్నగా రుద్దుతారు.

అసలు రంగు దాక్కునే చోట్లు

ఇక మన వాకిట్లో కారు దగ్గరకు వద్దాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తెలుగు సినిమాలో జమీందారు దిగినా, కలెక్టరు దిగినా, పెళ్లికొడుకు దిగినా ఎన్నో ఏళ్లు ఆ కారే. అలాంటి కారు బొమ్మ చేయాలనుకునేవారికి షెడ్లలో మిగిలిన పాత బండ్లే గ్రంథాలు.

కారు పైకప్పు చూసి రంగు చెప్పకూడదు. అది ఎండకు సగం తినేసిన రంగు. తలుపు రబ్బరు బీడింగు కింద, డిక్కీలో పట్టా కింద, డ్యాష్‌బోర్డు వెనక ఎండ తగలని చోట్ల మొదటి రంగు పదిలంగా ఉంటుంది. మళ్లీ మళ్లీ రంగు వేయించిన కారైతే ఒక మూల ఎమరీ కాగితంతో గుండ్రంగా నెమ్మదిగా రుద్దాలి. పైరంగు, దాని కింద పాత రంగు, పుట్టీ, ప్రైమరు, రేకు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి. చెట్టు మొద్దు కోసి వయసు లెక్కపెట్టినట్టే. ప్రైమరుకు సరిగ్గా పైన ఉన్నది ఫ్యాక్టరీ రంగన్నమాట.

చాలా కార్లకు బానెటు కిందో, తలుపు పక్కనో ఒక రేకు మీద రంగు నంబరు కొట్టి ఉంటుంది. ఆ నంబరు చెబితే పట్నంలో కార్ల రంగులు కలిపే కొట్టువారు కంప్యూటర్ చూసి పాళ్లు చెబుతారు. నంబరు లేకపోతే చిన్న పెచ్చు తీసుకువెళ్లినా యంత్రం చదువుతుంది. అయినా యంత్రం చెప్పినదాన్ని టింకరింగు షెడ్డు పెయింటరు వెంటనే నమ్మడు. బండి పక్కన రేకు ముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చూసి, ఒక చుక్క నలుపో, ఒక చుక్క పసుపో వేస్తాడు. గుమ్మంలో నిలబడి జాకెట్టు ముక్క చూసే ఇల్లాలి పద్ధతే ఇదీ.

పెద్ద కారు డబ్బా బొమ్మకు పనికిరాదు

అసలు డబ్బా దొరికినా ఆట అయిపోలేదు. కారుకు వేసే రంగునే జానెడు బొమ్మకు వేస్తే ఒక చాయ ముదురుగా కనిపిస్తుంది. పెద్ద కారును పది గజాల దూరంలో, ఆకాశపు వెలుగులో చూస్తాం. బొమ్మను గది దీపం కింద చేతిలో పెట్టుకుని చూస్తాం. అందుకే అనుభవమున్నవారు ముదురు రంగుల్లో కాస్త తెలుపో, లేత బూడిదో కలిపి తగ్గిస్తారు. ఎంత కలపాలన్నది బొమ్మ సైజునుబట్టి ఉంటుంది. బొమ్మ చిన్నదైనకొద్దీ రంగు లేతబడాలి.

మెటాలిక్ రంగుతో మరో ఇబ్బంది. అందులోని లోహపు పలుకులు కారు మీద కంటికి ఆనవు. బొమ్మ మీద అవే ఇసుక రేణువుల్లా కనిపిస్తాయి. బొమ్మలకోసం మెత్తగా నూరిన పలుకులున్న రంగులే వాడాలి.

అడుగు పూతను కూడా మరవకూడదు. ఒకే పసుపు తెల్ల ప్రైమరు మీద ఒక రకంగా, ఎర్ర ఆక్సైడు మీద మరో రకంగా తేలుతుంది. దట్టంగా ఒకేసారి పూస్తే తలుపు గీతలు, కిటికీ అంచులు పూడిపోతాయి. థిన్నరు కలిపి పల్చగా మూడు నాలుగు పూతలు వేసుకోవాలి. పచ్చిగా ఉన్నప్పటి రంగు చూసి మురిసిపోకూడదు. చాలా రంగులు ఆరాక మారతాయి. ముందుగా పాత ప్లాస్టిక్ చెంచా మీద పూసి, ఆరాక పగటి వెలుతురులో చూసి, ఏ రంగు ఎన్ని చుక్కలు కలిపారో చెంచా వెనకే రాసుకోవడం పనివారి అలవాటు. రాసుకోని పాళ్లు రెండోసారి కుదరవు.

పిల్లల చేతికి ఇచ్చే బొమ్మైతే ఇంకో జాగ్రత్త. పాత ఎనామిల్ డబ్బాల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. షెడ్డులో ఏళ్లనాటి డబ్బా అడుగు గీకి పసివాళ్ల బొమ్మకు పూయకూడదు. థిన్నరు పనీ తలుపులు తీసి, గాలి ఆడేచోట చేసుకోవాలి.

బుజ్జికి ఏ పూత?

ఈ విద్య మనకెందుకు అనుకునేవారికి ఈమధ్య సంగతి ఒకటి. మొగల్తూరు వారి కుటుంబం నుంచి వచ్చిన ప్రభాస్ నటించిన 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలయింది. అందులో హీరోకు తోడుగా మాట్లాడే బండి బుజ్జి. ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు చక్రాలు. బరువు సుమారు 6 టన్నులు. మహీంద్రా కంపెనీ, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ కలిసి దీన్ని నిజంగా నడిచే బండిగా తయారుచేశాయి. 2024 మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రజలకు చూపించి, తరవాత ఊరూరా తిప్పారు.

ఇలాంటి బండికి బొమ్మ చేయాలంటే షోరూము మెరుపు పనికిరాదు. వాడి వాడి అరిగిన యంత్రంలా కనిపించాలి. మెరుపు లేని పూత వేసి, అంచుల వెంట పెన్సిలు ముల్లు పొడి వేలితో రుద్దితే రంగు లేచిపోయి లోహం బయటపడినట్టు ఉంటుంది. స్పాంజి ముక్కను ముదురు రంగులో ముంచి, కాగితం మీద అద్ది తుడిచేసి, మిగిలిన తడితో బొమ్మ మీద అక్కడక్కడ తాకిస్తే దెబ్బలు పడినట్టు కనిపిస్తుంది. అయితే ఎక్కడ పడితే అక్కడ కాదు. చెయ్యి తగిలే చోట, రాయి తగిలే చోట, నీరు నిలిచే చోట మాత్రమే. కల్లంలో ట్రాక్టరును గమనించిన కుర్రవాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

బుజ్జి విషయంలో మరో మేలుంది. అసలు బండి ఇంకా కొత్తది. చేసినవారున్నారు, పగటి వెలుతురులో తీసిన ఫొటోలున్నాయి. యాభై ఏళ్ల తరవాత బొమ్మ చేసేవారు తల పట్టుకోకుండా ఉండాలంటే రంగు వివరం ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

తూకానికి వేసేముందు

పాత కార్లకు ఆ భాగ్యం లేదు. ముంబయి వీధుల్లో, ఎన్నో హిందీ సినిమాల్లో తిరిగిన నలుపు పసుపుల ప్రీమియర్ పద్మినీ టాక్సీలకు 2023 అక్టోబరు 30 నుంచి రోడ్డు మీద చోటు లేకుండా పోయింది. మన ఊళ్లలో ఒకప్పుడు పెళ్లిళ్లకు, షూటింగులకు అద్దెకు తిరిగిన అంబాసిడర్లు ఒక్కొక్కటే పాత ఇనుము కొట్టుకు చేరుతున్నాయి. కారు తూకానికి వెళితే రేకుకు డబ్బు వస్తుంది. రేకు మీది రంగు ఎవరి లెక్కలోకీ రాదు. ఆ రంగు కలిపిన పెయింటర్లు పెద్దవారైపోయారు. వారి పాళ్లు చాలావరకు వారి చేతిలోనే ఉన్నాయి గాని కాగితం మీద లేవు.

అందువల్ల షెడ్డులో పాత కారున్నవారు దాన్ని సాగనంపేముందు చేయదగిన పని చిన్నదే. బీడింగు లేపి గోరంత పెచ్చు తీయాలి. బానెటు కింద రేకు మీది నంబరు, కారు మోడలు ఏడు ఒక కాగితం మీద రాయాలి. ఆ కారు ఏదైనా సినిమాలో కనిపించి ఉంటే ఆ సినిమా పేరూ రాయాలి. పెచ్చును, కాగితాన్ని ఒక కవరులో పెట్టి, ఎండ తగలని చోట ట్రంకు పెట్టెలో దాచాలి. తాతగారి కారు ఏ రంగని రేపు మనవడు అడిగితే "పచ్చ" అని ఊరుకోనక్కర్లేదు. కవరు విప్పి, గుమ్మంలోకి తీసుకువచ్చి చూపించవచ్చు.